తొమ్మిదో గది ఖాళీ

ఎంటర్ నొక్కే ముందు శిరీష మూడుసార్లు చెయ్యి వెనక్కి తీసుకుంది. రాసింది నూట పన్నెండు లైన్లు. ఒక్కో లైనూ పదిసార్లు చూసుకుంది. అయినా అరచేతులు చెమట పట్టి మౌసు జారిపోతోంది. నలభై మిషన్లు ఒక్కసారే చెడితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. గదుల్లో ఉన్న బంగినపల్లి అంతా రెండు రోజుల్లో మెత్తబడి పశువుల పాలవుతుంది. మూడో రోజు ఆమె ఉద్యోగం కూడా అదే దారి పడుతుంది.

ఆగిరిపల్లి దాటి నూజివీడు వైపు వెళ్తుంటే రోడ్డు పక్కనే సుభాష్ గారి మామిడి గోదాములు కనిపిస్తాయి. గడ్డి పరిచి కాయ మాగేసే పాతకాలపు కొట్లు కావవి. వరసకి ఇరవై చొప్పున రెండు వరసలు, మొత్తం నలభై చల్లగదులు. దూరదేశం పోయే కాయని ఆ గదుల్లో పెట్టి, తలుపు బిగించి, లోపలికి నత్రజని పంపి ప్రాణవాయువుని తగ్గిస్తారు. "కాయ నిద్రపోద్దమ్మా, ఓడ దిగేదాకా లేవదు," అని నవ్వుతూ చెప్పాడు సుభాష్, ఆమె పనిలో చేరిన రోజున. వెంటనే నవ్వు మానేసి ఇంకో మాట కూడా అన్నాడు. "మనిషైనా అంతే. పది నిమిషాలు చాలు. వాసన రాదు, ఊపిరాడనట్టు కూడా అనిపించదు, అలాగే వాలిపోతాడు. గ్యాసు నడిచే గదిలోకి ఎవ్వర్నీ పోనివ్వకూడదు, గుర్తుపెట్టుకో."

ఒక్కో గదికీ గోడ మీద, ఎత్తున, చిన్న సర్వర్ పెట్టె ఉంటుంది. గదిలో చల్లదనం, గాలి, తలుపు తాళం మూడూ దాని చేతిలోనే ఉంటాయి. పోయిన ఏడాది కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడు శిరీష పెన్‌డ్రైవ్ మెడలో వేలాడేసుకుని, నిచ్చెన మోసుకుంటూ మూడు రోజులు నలభై పెట్టెల చుట్టూ ప్రదక్షిణం చేసింది. ఈసారి ఆ తిప్పలు పడదలుచుకోలేదు. స్క్రిప్టు రాసింది. స్క్రిప్టంటే బ్రహ్మవిద్యేమీ కాదు, మనిషి వరసగా చెయ్యాల్సిన పనులన్నీ రాసిపెట్టిన చీటీ. ఆఫీసు కంప్యూటరు ఆ చీటీ చదువుకుంటూ ఒక్కో సర్వర్‌నీ పలకరిస్తుంది. పాతది తీసేసి కొత్తది ఎక్కిస్తుంది, పరీక్ష మొదలెట్టి పక్క గది దగ్గరికి పోతుంది. నిమిషానికో గది.

పరీక్ష రెండు రకాలు. కాయ ఉన్న గదికి చిన్న పరీక్ష, చల్లదనం సరిగా ఉందో లేదో చూడటం. ఖాళీ గదికి పెద్ద పరీక్ష. తలుపు తీసి ఉన్నా మోటారుతో తనే మూసి బిగించి, గ్యాసు వదిలి, ఇరవై నిమిషాల తర్వాత మళ్ళీ మంచిగాలి నింపి తలుపు వదిలేస్తుంది. ఏ గది ఖాళీయో స్టాకు రిజిస్టరు చూసి స్క్రిప్టే తెలుసుకుంటుంది.

సమయం కూడా ఆలోచించే ఎంచుకుంది. ముందురోజు గాలివాన కొట్టడంతో ఆ రోజు కోత లేదు, లారీలు లేవు. కాయలు ఏరడానికి వచ్చింది ఇద్దరే. ఒకరు శిరీష తల్లి నాగమణి, రెండోది శిరీష పెద్దమ్మా అని పిలిచే గోవిందమ్మ. పైగా మధ్యాహ్నం ఒంటిగంట, అన్నాల వేళ. మే నెల ఎండకి కాకి కూడా బయట తిరగడం లేదు.

ఇంత ఆలోచించిన పిల్ల ఎవరి కూతురో చెప్పాలి. కాయలు ఏరే నాగమణికీ, చెట్టెక్కే మల్లయ్యకీ పుట్టింది. మల్లయ్య ఇప్పుడు మోకాళ్ళు సహకరించక రెడ్డిగూడెంలో ఒక తోటకి కాపలా ఉంటున్నాడు గానీ, ఆ రోజుల్లో జ్యూసు ఫ్యాక్టరీకి పోయే కాయని కొమ్మ దులిపి రాల్చడంలో అతని తర్వాతే ఎవరైనా. దులిపే ముందు పైనుంచి కేకేసేవాడు, "దులుపుతున్నా, కింద ఎవరూ?" అని. చెట్టు చుట్టూ చూసి, "ఎవరూ లేం, దులుపుకో!" అని పక్కన కాయలు ఏరే గోవిందమ్మ వాళ్ళందరి తరఫునా జవాబు చెప్పడం ఆరేళ్ళ శిరీష పని. జీతం రోజుకో రసం పండు. ఆమె ఆటలో పడి పలక్కపోతే మల్లయ్య కొమ్మ ముట్టుకునేవాడే కాదు. కింద ఎవరూ కనపడకపోయినా సరే. "పలక్కపోతే లేనట్టు కాదే, నిద్రపోతుండొచ్చు," అనేవాడు.

ఒంటిగంటా పది నిమిషాలకి శిరీష కళ్ళు మూసుకుని నొక్కేసింది.

తెర మీద పచ్చ అక్షరాలు మొదలయ్యాయి. గది 1, పూర్తి. గది 2, పూర్తి. గది 3, పూర్తి. గది 4, ఖాళీ, పెద్ద పరీక్ష మొదలైంది. ఊపిరి బిగపట్టి చూస్తోంది. ఎర్ర అక్షరం ఒక్కటి కూడా లేదు. ఎనిమిదో గది దాటేసరికి భుజాలు దిగాయి. గది 9, ఖాళీ, పెద్ద పరీక్ష మొదలైంది. అప్పటికి ఒంటిగంటా పంతొమ్మిది.

ఇల్లలకగానే పండగ కాదంటారు. ఈ పిల్ల అలకడం పావువంతు అయ్యేసరికే పండగ చేసుకుంది. తెరని ఫొటో తీసి తమ్ముడు గోపికి పంపింది. "మూడు రోజుల పని, నలభై నిమిషాలు," అని కింద రాసింది. క్యారేజీ విప్పి మామిడికాయ పప్పు కలుపుకుని రెండో ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా నాగమణి వచ్చింది. చేతిలో కడిగిన టిఫిను గిన్నెలు, ఒక నీళ్ళ సీసా ఉన్నాయి.

"సిరీ, ఆ తొమ్మిదో గది తలుపు పడిపోయిందేంటే? లాగితే రావట్లేదు."

"అది టెస్టులో ఉందమ్మా. ఇరవై నిమిషాలు పోతే అదే తెరుచుకుంటది."

"ఇరవై నిమిషాలా?" అంది నాగమణి. "మరి గోవిందమ్మ లోపలుందే."

శిరీష నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది.

"మంచినీళ్ళు తెస్తానని నేను బయటికొచ్చాను. అది అప్పటికే గురక పెడుతోంది. వచ్చేసరికి తలుపు..."

తెలియని సంగతి అయితే ఎంత బాగుండేది! తెలియదు పాపం అని మనమూ జాలిపడేవాళ్ళం. కానీ శిరీషకి తెలుసు. ఎండాకాలంలో ఏ గదిలో కాయ లేకపోతే ఆ గది తలుపు సూపర్‌వైజరు యలమంద మధ్యాహ్నం పూట ఓరగా తీసి ఉంచుతాడు, ఏరే ఆడవాళ్ళు గంటసేపు నడుం వాలుస్తారు. గోదాములు కట్టినప్పటి నుంచీ అంతే. అందరికీ తెలుసు, ఏ రిజిస్టరులోనూ ఉండదు. ఇంటర్ సెలవుల్లో రెండు వేసవులు శిరీష కూడా తల్లి వెంట కాయలు ఏరి, అదే తొమ్మిదో గదిలో, అదే గోనెపట్టా మీద, గోవిందమ్మ పక్కనే పడుకుంది. రిజిస్టరులో ఖాళీ అంటే కాయ లేదని అర్థం, మనిషి లేదని కాదు. అద్దాల గదిలో కుర్చీ, తలమీద ఏసీ వచ్చి రెండేళ్ళయ్యాయి. ఆ రెండేళ్ళలో మధ్యాహ్నపు నిద్ర ఆమెకి గుర్తు రావాల్సిన అవసరం పడలేదు.

గోడ గడియారం ఒంటిగంటా ఇరవై మూడు చూపిస్తోంది. నాలుగు నిమిషాలు అయిపోయాయి. ఇంకా ఆరు.

ఎంగిలి చెయ్యి కీబోర్డు మీదకి పోయింది. స్క్రిప్టు పదమూడో గది దగ్గర ఆగిపోయింది. కానీ మొదలైన పరీక్షలు ఆగలేదు. మధ్యలో నెట్ పోతే పని సగంలో ఆగకూడదని ఒక్కో సర్వర్‌కీ తన చీటీ తన దగ్గరే ఉండేట్టు రాసింది తనే. తొమ్మిదో గది సర్వర్‌లోకి వెళ్ళి ఆపమంది. అది మర్యాదగా జవాబిచ్చింది. పరీక్ష జరుగుతోంది, ఆదేశాలు తీసుకోబడవు. కిందటి నెల గుమస్తా ఎవరో నడుస్తున్న పరీక్షని తెలియక ఆపేశాడని ఆ తాళం పెట్టిందీ తనే. మళ్ళీ కొట్టింది. అదే జవాబు. వేళ్ళకంటిన పప్పుతో అక్షరాలు తప్పుపడుతున్నాయి. నోట్లో ముద్ద మింగుడు పడక చెత్తబుట్టలో ఉమ్మేసి పరుగెత్తింది.

ఆఫీసుకీ తొమ్మిదో గదికీ వంద గజాలుంటుందేమో. ఆ వంద గజాలూ కాళ్ళు తనవి కానట్టు పరుగెత్తింది. నాగమణి అప్పటికే తలుపు మీద రెండు చేతులతో బాదుతోంది.

"గోవిందమ్మా! ఏమేవ్ గోవిందమ్మా! లేవవే!"

జానెడు మందం తలుపది, చలి బయటికి పోకుండా లోపల థర్మాకోల్ నింపింది. ఆ బాదుడు లోపలికి వినపడుతుందో లేదో కూడా తెలియదు. లోపలివైపు ఎర్రపిడి ఒకటుంది, నొక్కితే తలుపు వస్తుంది. మెలకువగా ఉన్నవాళ్ళ కోసం పెట్టింది. శిరీష చెవి ఆనించి విన్నది. గురక లేదు, కదలిక లేదు. సన్నగా బుస్సుమని గ్యాసు పోతున్న చప్పుడు మాత్రం ఉంది.

ఆ చప్పుడు విన్నాక ఆమెకి నిజంగా భయం వేసింది. అంతవరకూ పడ్డది కంగారు. పెద్దమ్మ చచ్చిపోతోంది, నేనే చంపుతున్నాను అనుకుంది. నలభై నిమిషాల్లో పని అయిపోతుందని ఫొటో పంపుకున్న చేత్తో.

"చేత్తో తీసే ఇనప తాళంచెవి ఎవరి దగ్గరుందమ్మా?"

"యలమంద దగ్గర. ఆగిరిపల్లి పోయాడు అన్నానికి."

ఫోన్ చేసింది. మోగుతోంది. బండి మీద ఉన్నాడో, చెయ్యి కడుక్కుంటున్నాడో, ఎత్తడం లేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు.

"కరెంటు తీసేస్తే తలుపు వదిలేస్తది," అని అరిచి స్విచ్చుబోర్డు దగ్గరికి పరుగెత్తింది. పెద్ద మీట కిందకి లాగింది. జనరేటరు మీట కూడా లాగింది. నలభై గదుల హోరు ఒక్కసారిగా ఆగిపోయింది. ఎప్పుడూ వినని నిశ్శబ్దం. వెనక్కి వచ్చి తలుపు లాగింది. రాలేదు. తల పైకెత్తి చూసింది. పద్నాలుగు అడుగుల ఎత్తున, గోడ మీద, తొమ్మిదో గది సర్వర్ పెట్టె పచ్చదీపం ఆర్పుతూ వెలిగిస్తూ నింపాదిగా ఉంది.

బ్యాటరీ. పోయిన వేసవిలో కరెంటు కోతలకి సర్వర్లు చచ్చిపోతున్నాయని, ఒక్కో పెట్టె పక్కనా ఒక బ్యాటరీ పెట్టించేదాకా సుభాష్ గారి ప్రాణం తీసింది ఎవరంటే శిరీషే. కరెంటు పోయినా తాళం వదలదు, గ్యాసు ఆగదు. ఎక్కడెక్కడ పని ఆగిపోయే వీలుందో అక్కడల్లా అడ్డుకట్ట వేసిన తెలివైన పిల్ల ఇప్పుడు ఒక్క పనిని ఆపలేక గోడ కింద నిలబడింది.

"నిచ్చెనేది?" అంది. అన్నాక గుర్తొచ్చింది. నిన్నటి గాలికి లేచిపోయిన రేకులు వెయ్యడానికి నిచ్చెన తోటలోకి పోయింది.

ఒంటిగంటా ఇరవై ఆరు.

కాయలు పెట్టే క్రేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చబోయింది. నాలుగు పేర్చేసరికే అన్నీ కూలిపోయాయి. వెనక్కి తిరిగి చూస్తే తల్లి లేదు. అమ్మ కూడా భయపడి పారిపోయిందా అనుకుంది ఒక్క క్షణం. అలా అనుకున్నందుకు తర్వాత ఎన్నో రోజులు సిగ్గుపడింది.

నాగమణి షెడ్డులోంచి వస్తోంది. చేతిలో దోటి ఉంది. పైకొమ్మ కాయ కోసే పొడుగాటి వెదురు గడ, చివర వంకీ తిరిగిన చిన్న కత్తి. చెట్టెక్కలేని ఆడవాళ్ళు కోసేది దానితోనే. నాగమణికి పదిహేడో ఏట పట్టుకున్నది, ఇప్పటికి ముప్పై ఏళ్ళ అలవాటు.

"ఏది తెంపాలో చెప్పు."

"ఆ పెట్టె కిందనుంచి రెండు తీగలొస్తున్నాయి కదమ్మా. లావుది. నల్లది. బ్యాటరీది."

"గోడకి అంటుకుపోయి ఉందే. ముచ్చిక దొరకట్లేదు."

"కొంచెం ఎడమకి. ఇంకా. అమ్మా, త్వరగా!"

"నువ్వు అరవమాకు. గడ అదురుద్ది."

శిరీష రెండు చేతులతో నోరు మూసుకుంది. కత్తి గోడ మీద గీసుకుంటూ పోయి తీగ కింద దూరింది, జారిపోయింది. నాగమణి గడని రెండడుగులు కిందకి దింపి, చెంగుతో అరచెయ్యి తుడుచుకుని, మళ్ళీ లేపింది. ఆమె చెయ్యి వణకడం లేదు. పెదాలు మాత్రం కదులుతున్నాయి, ఏ దేవుణ్ణి పిలుస్తోందో. వంకీ ఈసారి పట్టింది. కాయని ముచ్చిక దగ్గర తెంపినట్టే ఒక్క గుంజు గుంజింది.

పచ్చదీపం ఆరింది. తలుపులో టక్కుమని చప్పుడైంది.

ఇద్దరూ పిడి పట్టుకుని వెనక్కి వాలి లాగారు. తలుపు ఊడివచ్చింది. మూలగా, గోనెపట్టా మీద, గోవిందమ్మ పక్కకి తిరిగి ముడుచుకుని పడుకుని ఉంది. నాగమణి లోపలికి దూకబోయింది. శిరీష ఆమె జబ్బ పట్టుకుంది. "ఊపిరి బిగపట్టుకో! లోపల పీల్చావంటే నువ్వూ పడిపోతావు!" ఇద్దరూ గుండెల నిండా గాలి పీల్చుకుని వెళ్ళి, పట్టా కొసలు చెరొకటి పట్టుకుని, మనిషితో సహా ఈడ్చుకుంటూ ఎండలోకి తెచ్చి పడేశారు.

గోవిందమ్మ పెదాలు నేరేడుపళ్ళు తిన్నట్టు నల్లబడ్డాయి. తల ఒక పక్కకి వాలిపోయింది. నాగమణి చెంపలు వాయిస్తూ, సీసాలో నీళ్ళు మొహాన కొడుతూ, "లేవవే, లేవవే ముసలిదానా, నీకు పుణ్యముంటది లేవవే," అంటోంది. శిరీష ముసలామె ఛాతీ మీద చెయ్యి పెట్టింది. ఏమీ తెలియలేదు. తన చెయ్యే ఎంత అదురుతోందంటే, కింద ఇంకేదైనా కదులుతోందో లేదో తెలియడం లేదు. ముక్కు దగ్గర చెంప ఆనించింది. కాయల జీడి వాసన, వక్కపొడి వాసన. ఒకటి, రెండు, మూడు... లెక్కపెడుతోంది. తొమ్మిది దగ్గర చెంపకి వెచ్చగా తగిలింది.

గోవిందమ్మ ఒక్కసారి ఎగశ్వాస తీసి దగ్గింది. మళ్ళీ దగ్గింది. చాలాసేపటికి కళ్ళు తెరిచి, తనమీద వంగిన మొహం ఎవరిదో పోల్చుకుంది.

"సిరీ... లోడొచ్చిందా అమ్మా? లేస్తున్నా, లేస్తున్నా," అంది, లేవబోతూ.

శిరీష అక్కడే ఎండలో కూలబడి గట్టిగా ఏడ్చేసింది.

గోవిందమ్మని ఆటోలో నూజివీడు ఆసుపత్రికి పంపాక కూడా ఆమె భయం పోలేదు. నాలుగో గది, పన్నెండో గది కూడా ఖాళీయే. "వచ్చింది మేమిద్దరమేనే, ఎవరుంటారక్కడ?" అని నాగమణి చెప్పి మరీ ఆటో ఎక్కింది. వినలేదు. ఆ రెండు తలుపులూ వాటంతటవి వదిలేదాకా వాటి ముందే నిలబడి, వదిలాక మూలమూలా చూసింది. ఎవరూ లేరు. అప్పుడు వెళ్ళి కరెంటు వేసింది.

సాయంత్రానికి సుభాష్ వచ్చాడు. యలమంద తలవంచుకుని గోడవార నిలబడ్డాడు. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన నాగమణి గుమ్మం బయటే ఆగింది. గోవిందమ్మకి ప్రాణభయం లేదని, రెండు రోజులుంచి పంపిస్తామన్నారని చెప్పింది. సుభాష్ తెర మీది పచ్చ అక్షరాలన్నీ చదివాడు. తొమ్మిదో గది దగ్గర వేలు పెట్టి ఆగాడు.

"ఖాళీ అనే ఉంది కదమ్మా రిజిస్టర్లో. నీ స్క్రిప్టులో తప్పేం లేదు. తప్పు ఆ గదిలో పడుకున్న ఆవిడది, తలుపు తీసిన వీడిది. ఇద్దర్నీ రేపటినుంచి రావద్దని చెప్పేస్తా. నువ్వు మిగతా గదులు కానిచ్చెయ్యి."

అంత సులువుగా బయటపడొచ్చు. ఊఁ అంటే చాలు. శిరీషకి మళ్ళీ భయం వేసింది. ఈసారి తన గురించే. ఈ ఉద్యోగం పోతే ఇంట్లో ఏమవుతుందో ఆమెకి తెలుసు. గుమ్మం వైపు చూసింది. తల్లి కూతురి మొహంకేసి చూస్తూ ఉంది, అంతే.

"ఆ గది ఖాళీగా ఉండదని నాకు తెలుసు సార్," అంది శిరీష. "నేనూ అక్కడే పడుకునేదాన్ని. పెద్దమ్మ పక్కన. తెలిసి కూడా అడక్కుండా మొదలెట్టేశాను. తప్పు నాది. పంపిస్తే నన్ను పంపించండి."

సుభాష్ తెర ఆపేసి లేచాడు. చివరికి ఎవర్నీ పంపలేదు. మంచితనమో, కోత మధ్యలో కొత్త మనుషుల్ని వెతుక్కోలేకో, అది ఆయనకే తెలియాలి. ఆడవాళ్ళు పడుకోవడానికి ఫ్యాన్లతో రేకుల షెడ్డు వేయిస్తానని మాటిచ్చాడు. ఇంకా వెయ్యలేదు.

స్క్రిప్టుకి నూట పదమూడో లైను చేరింది. ఖాళీ గది వచ్చినప్పుడల్లా అది ఆగిపోతుంది. ఒక మనిషి వెళ్ళి తలుపు తీసి చూసి, వచ్చి తన పేరు కొడితే తప్ప కదలదు. మిగిలిన ఇరవై ఏడు గదులకి నలభై నిమిషాలు కాదు, ఒక పూటంతా పట్టింది.

మిగిలిన వాటిలో మొదటి ఖాళీ గది పదహారోది. అప్పటికి గోవిందమ్మ ఆసుపత్రి నుంచి వచ్చేసి, వద్దన్నా వినకుండా వరండాలో క్రేటు మీద కూర్చుని కాయలు తుడుస్తోంది. శిరీష తలుపు తీసింది. లోపల చీకటి, చలి. గుమ్మం పట్టుకుని నిలబడి గట్టిగా కేకేసింది.

"మొదలెడుతున్నా, లోపల ఎవరూ?"

గది పలకలేదు. శిరీష కదల్లేదు. పలక్కపోతే లేనట్టు కాదు.

వెనక వరండాలోంచి గోవిందమ్మ, చేతిలో కాయ తుడుస్తూనే, తల తిప్పకుండా అరిచింది.

"ఎవరూ లేం, దులుపుకో!"

శిరీష అయినా లోపలికి వెళ్ళి నాలుగు మూలలూ చేత్తో తడుముకుని వచ్చింది.